బాహుదా మొగలో వేసవి గాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదిరేకొద్దీ ఉప్పునీటి గాలం మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. ఇద్దరు ముగ్గురు ఒకే సంగతి అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మే నెలాఖరులో నలుగురం కలిసి బాహుదా నది మొగలో (సముద్రంలో కలిసేచోట) ఒక పూట పడవ మాట్లాడుకుని గాలం వేయాలనుకుంటున్నాం. మాతో పన్నెండేళ్ల పిల్లవాడు కూడా వస్తాడు. ఇన్నాళ్లూ చెరువుల్లో వేశామే గాని ఉప్పునీరు మాకు కొత్త. అడ్వాన్సు ఇచ్చే ముందు పడవవాళ్లను ఏమేమి అడగాలి? (బరంపురం)

జవాబు: ముందు తేదీ చూసుకోండి. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన అది. ఏ పడవకు వర్తిస్తుందన్నది మాత్రం రాష్ట్రం మారితే మారుతుంది. ఆంధ్ర వైపు ఇంజను బిగించిన పడవలన్నిటికీ వర్తిస్తుంది. ఒడిశా వైపు పడవ పొడవును, ఇంజను రకాన్ని బట్టి చూస్తారు. బాహుదా సముద్రంలో కలిసే సునాపూర్ ఒడిశాలో ఉంది, పక్కనే ఉన్న డొంకూరు ఆంధ్రలో ఉంది. మీరు ఏ ఒడ్డున పడవ ఎక్కుతారో ఆ వైపు మత్స్యశాఖ ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పినట్టు నడవండి. "ఏం కాదు బాబూ, అందరూ వెళ్తున్నారు" అని పడవవాడు అంటే ఆ పడవ వద్దు. పట్టుబడితే మీకు పోయేది ఒక పూట సరదా, అతనికి పోయేది బతుకుతెరువు.

మేలో అయితే సముద్రం జోలికి పోకుండా మొగ లోపల, ఉప్పుటేరులో, తెడ్డు పడవ మీద నుంచో ఒడ్డు నుంచో వేయండి. జూన్ 15 దాటాక సముద్రంలోకి తీసుకెళ్తామని కొందరు చెబుతారు. అప్పటికి నైరుతి గాలి అందుకుని ఉంటుంది. మొగ దగ్గర లోతు తక్కువ, ఇసుక మేట మీద అలలు విరిగిపడతాయి, పడవలు తిరగబడేది సరిగ్గా అక్కడే. కొత్తవాళ్లకు, అందులోనూ పిల్లలతో వెళ్లేవాళ్లకు, సముద్రం అనుకూలించేది డిసెంబరు నుంచి మార్చి దాకా.

ఇక అడగవలసినవి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా? ఉన్నాయంటే సరిపోదు, ఒడ్డునే తొడిగి చూడండి. జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగితే చెవులు దాటి వచ్చేస్తే అది వదులు. పెద్దల జాకెట్ పిల్లవాడికి వేస్తే నీళ్లలో పడ్డప్పుడు తలమీదుగా జారిపోతుంది, కాబట్టి పిల్లల సైజు లేకపోతే పిల్లవాడిని ఎక్కించకండి. పడవ పక్కన రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉందా? లంగరు తాడు ఎంత పొడవుంది? నీటి లోతుకు కనీసం మూడింతలు ఉండాలి, పాటు (నీరు సముద్రం వైపు తీయడం) బలంగా లాగేచోట ఐదింతలు. పొట్టి తాడైతే లంగరు నేల పట్టదు, పడవ ఈడ్చుకుపోతుంది. ఇంజను పడవైతే ఇంధనం మూడు వంతులు లెక్కేయమనండి: ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు గాలి ఎదురైతే. ఇంజను ఉన్నా రెండు తెడ్లు ఉండి తీరాలి. ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర భద్రతా పోలీసులది 1093. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు రోజూ ఇస్తుంది. ముందురోజు సాయంత్రం అది చూడకుండా బయల్దేరకండి.

చివరగా ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఎన్ని గంటలకు బయల్దేరుదాం?" మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే అన్నవాడికి పడవ తెలుసు గాని చేప తెలియదు. "ఆ రోజు తిథి ఏంటి?" అని తిరిగి అడిగినవాడితో వెళ్లండి.

ప్రశ్న: పొద్దున్న 6 గంటలకే వెళ్లి 10 దాకా కూర్చున్నాం. ఒక్క చేప కూడా తగల్లేదు. అదే చోట సాయంత్రం వేరేవాళ్లు మూడు పండుగప్పలు పట్టారు. వేసవిలో తెల్లవారుజామే మంచిదంటారు కదా? (ఇచ్ఛాపురం)

జవాబు: మొగలో చేపకు గడియారం పొద్దు కాదు, నీటి కదలిక. నీరు కదలనప్పుడు ఎంత చల్లని వేళయినా పండుగప్ప కదలదు. మీరు వెళ్లినరోజు తిథి రాయలేదు గాని, నాలుగు గంటలూ నీరు నిలిచినట్టే ఉందని ఉత్తరంలో రాశారు. జవాబు అందులోనే ఉంది.

లెక్క ఇది. ఒక పోటు నిండినప్పటి నుంచి మళ్లీ పోటు నిండేదాకా సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజు రోజుకీ పోటు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నిండిన నీరు తీసిపోవడానికి ఆరు గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది, అదీ ఒకే వేగంతో తీయదు. మొత్తం తీసే నీటిని 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1 భాగం పోతాయి. మీటరున్నర తీసే రోజున మధ్య రెండు గంటల్లోనే 75 సెంటీమీటర్ల నీరు కదులుతుందన్నమాట. సోమవారం ఉదయం 7 గంటలకు పోటు నిండితే మీ గాలం నీళ్లలో ఉండవలసింది 9 నుంచి 11 మధ్య. ఆ రోజు 6 గంటలకు వెళ్లి 9కి లేచి వచ్చేస్తే భోజనం వడ్డించే వేళకు విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టే.

పున్నమి, అమావాస్యలకు, ఆ తర్వాత రెండు రోజులు నీరు బలంగా లేస్తుంది, బలంగా తీస్తుంది. అష్టమి చుట్టుపక్కల మందంగా ఉంటుంది. అయితే బలం మరీ ఎక్కువైనా ఇబ్బందే. నీరు బురదెక్కుతుంది, సీసం నేలన ఆగదు. తదియ నుంచి షష్ఠి దాకా మొగలో గాలానికి హాయిగా ఉండే రోజులు.

సముద్రపు పోటు వేళకు ఉప్పుటేరులో పోటు రాదు. లోపలికి పోయేకొద్దీ ఆలస్యం. బయట పోటు మొదలైనా లోపల ఇంకా పాటు లాగుతూనే ఉంటుంది. ఈ తేడా ఏ పట్టికలోనూ దొరకదు, మీరే కొలవాలి. పది సెంటీమీటర్లకో గుర్తు పెట్టిన వెదురు కర్ర ఒకటి మీరు వేసేచోట పాతి, ఒక పూటంతా అరగంటకోసారి నీటి మట్టం రాసుకోండి. సముద్రపు పోటు వేళతో పోల్చితే తేడా తెలిసిపోతుంది. మొగ ఇసుక మేటలతో చోటు మారుతుంటుంది కాబట్టి వానాకాలం దాటాక మళ్లీ కొలుచుకోవాలి.

పాటు వేళ చిన్న పాయలు ఏరులో కలిసేచోట వేయండి. పాయల్లోని రొయ్య, పరిగె నీటితో పాటు జారివస్తాయి, పండుగప్ప ఆ మలుపులో సుడి అంచున కాచుకుని ఉంటుంది. పడవను ఆ చోటికి పదిహేను, ఇరవై మీటర్ల దూరంలో ఎగువన లంగరేసి, ఎరను నీటితో పాటు జారనివ్వాలి. లంగరును విసిరితే ఆ చప్పుడుకే ఒక పావుగంట పోతుంది, చేత్తో దించండి. చల్లని వేళ, నీటి కదలిక రెండూ కలిసొచ్చే రోజులు పక్షానికి మూడో నాలుగో దొరుకుతాయి. సెలవు పెట్టేదేదో ఆ రోజులకు పెట్టుకోండి.

ప్రశ్న: 30 పౌండ్ల బ్రెయిడు (అల్లిన దారం), దాని కొసన గాలానికి ముందు 40 పౌండ్ల లీడరు (విడి ముక్క దారం) వాడుతున్నాను. అయినా పెద్ద చేప తగిలినప్పుడల్లా తెగిపోతోంది. ఇంకా లావు దారం వేయమంటారా? (గోపాల్‌పూర్)

జవాబు: వద్దు. తెగిన కొస ఎలా ఉందో చూడండి, కారణం అదే చెబుతుంది.

బ్రెయిడు కొస పంది తోకలా మెలితిరిగి ఉంటే ముడి జారింది. బ్రెయిడు నున్నగా ఉంటుంది, మామూలు నైలాను దారానికి వేసినన్ని చుట్లు దానికి చాలవు. లీడరుకు కలిపేటప్పుడు డబుల్ యూని ముడి వేస్తుంటే లీడరు వైపు నాలుగైదు చుట్లు, బ్రెయిడు వైపు ఎనిమిది చుట్లు ఉండాలి. ఎఫ్.జి. ముడి అయితే అటొకటి ఇటొకటిగా మొత్తం ఇరవై చుట్లు వేసి, ముడి బిగించే ముందు తడిపి, చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగాలి. సరిగ్గా బిగిస్తే బ్రెయిడు రంగు కాస్త ముదురుతుంది. రంగు మారలేదంటే బిగియలేదన్నమాట, చేప లాగినప్పుడు జారుతుంది. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లీడరు బలం పోతుంది.

లీడరు కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే అది పండుగప్ప మొప్ప అంచు పని. మొప్పరేకు కత్తిలా ఉంటుంది, నోరు గరుకు కాగితంలా ఉంటుంది. దీనికి మందు లావు బ్రెయిడు కాదు. లీడరును 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెంచి, ప్రతి చేప తర్వాత గాలం పైన ఒక జానెడు వేళ్లతో తడిమి గరుకుగా తగిలితే కోసేసి మళ్లీ కట్టుకోవాలి. లీడరు కొస పీచులు పీచులుగా ఉంటే రాతికో, ముత్యపు చిప్పల గుంపుకో, వంతెన స్తంభానికో ఒరుసుకుంది.

మిగిలింది డ్రాగ్, అంటే రీలు దారాన్ని ఎంత గట్టిగా బిగపట్టిందన్నది. దీన్ని చేత్తో లాగి చూసి "సరిపోతుంది" అనుకునేవాళ్లే ఎక్కువ. స్ప్రింగు త్రాసు ఒకటి కొనండి. రాడ్‌ను 45 డిగ్రీలకు ఎత్తి పట్టుకుని, దారం కొసను త్రాసుకు కట్టి ఇంకొకరిని లాగమనండి. రీలు దారం వదలడం మొదలుపెట్టినప్పుడు త్రాసు ఎంత చూపిస్తే అదే మీ డ్రాగ్. 30 పౌండ్లంటే 13.6 కిలోలు. అందులో పావు వంతు, అంటే మూడు, మూడున్నర కిలోలు చాలు. అంతకు మించితే బ్రెయిడుకు సాగే గుణం లేదు కాబట్టి చేప తల విదిలించిన ప్రతిసారీ దెబ్బ నేరుగా ముడి మీదే పడుతుంది. లావు దారం వేస్తే ముడి నిలుస్తుందేమో గాని గాలం ముల్లు వంగుతుంది, లేదా చేప నోరు చిరుగుతుంది.

ప్రశ్న: ఉదయం తీసుకెళ్లిన బతికున్న రొయ్యలు 9 గంటలకల్లా తెల్లబడి చచ్చిపోతున్నాయి. నీళ్లలో ఐసు వేసినా లాభం లేదు. (ఛత్రపురం)

జవాబు: ఐసు వేయడం వల్లే కొన్ని చస్తున్నాయి. ఐసు కరిగితే ఉప్పు తగ్గుతుంది, చల్లదనం ఒక్కసారిగా తగులుతుంది, రెండూ రొయ్యకు గిట్టవు. ఐసును మూత బిగించిన సీసాలో గడ్డకట్టించి ఆ సీసాను బకెట్‌లో దించండి. అదీ చెయ్యి పెడితే ఏరు నీటి కంటే రెండు మూడు డిగ్రీలే చల్లగా అనిపించేంతవరకు, తర్వాత తీసేయండి.

అసలు కారణం గాలి చాలకపోవడం. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాములు ఉంటే 30 డిగ్రీలకు 6.2కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి రొయ్య ఎక్కువ పీలుస్తుంది. పది లీటర్ల బకెట్‌కు పదిహేను, ఇరవై రొయ్యలకు మించకండి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తప్పనిసరి. ఇరవై నిమిషాలకోసారి మూడో వంతు నీరు పారబోసి ఏటి నీరు పోయండి. బకెట్ మీద తడి గోనె కప్పి నీడన ఉంచండి. చచ్చిన రొయ్య కనిపించగానే తీసేయండి, ఒకటి కుళ్లితే మిగతావి గంటలో పోతాయి.

గాలానికి గుచ్చేటప్పుడు తలమీది ముక్కుకొమ్ము కింద, లోపల నల్లగా కనిపించే మచ్చకు తగలకుండా గుచ్చితే రొయ్య అరగంటైనా ఈదుతుంది. ఆ మచ్చకు తగిలితే అక్కడికక్కడే పోతుంది. రొయ్యకు 2/0 సైజు గాలం, పది సెంటీమీటర్ల కొయ్యింగ పిల్లకు 4/0 నుంచి 5/0 గుండ్రటి సర్కిల్ గాలం వాడండి. సర్కిల్ గాలంతో చెరువు అలవాటు మానుకోవాలి: చేప లాగగానే రాడ్‌ను విదిలిస్తే గాలం నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. రాడ్ వంగనిచ్చి నెమ్మదిగా రీలు తిప్పండి, నోటి మూలలో దానంతటదే పట్టుకుంటుంది.

ప్రశ్న: బజారులో ఒడియా పేర్లు, మన పేర్లు కలగాపులగంగా వినిపిస్తాయి. మొగలో దొరికేవి ఏవి ఏవి? (బరంపురం)

జవాబు: భేక్టి అంటే మన పండుగప్ప. ఖయింగా అంటే కొయ్యింగ, పేరు కూడా దగ్గరే. సహాల అన్నది మన మాగ, పక్కరెక్కల కింద నాలుగేసి తీగలుంటాయి. ఈ మూడూ ఒకే మొగలో తిరుగుతాయి. గాలానికి బాగా తగిలేవి మొదటిదీ మూడోదీ. పెద్ద కొయ్యింగ నాచు, బురదలోని పదార్థం తిని బతుకుతుంది కాబట్టి రొయ్యకు రావడం అరుదు.

ప్రశ్న: ఊళ్లో కుర్రాళ్లం కలిసి వచ్చే వేసవికి ఉప్పుటేరులో గాలం పోటీ పెట్టాలనుకుంటున్నాం. బరువు తూచి బహుమతులివ్వాలా, పొడవు కొలిచా? నిబంధనలు ఎలా రాసుకోవాలి? (చికిటి వైపు నుంచి)

జవాబు: పొడవే కొలవండి. బరువు తూచాలంటే చేపను ఒడ్డుకు తేవాలి, వేసవిలో అది బతికి ఒడ్డు చేరదు. పండుగప్ప విషయంలో ఇది మామూలు నష్టం కాదు. ఈ చేప మగదిగా పుట్టి, కొన్నేళ్లకు పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. మీటరు దగ్గరికొచ్చినవి దాదాపు అన్నీ గుడ్ల తల్లులే. పెద్ద చేపకు పెద్ద బహుమతి అని చంపి తూచే పోటీ పెడితే ఆ మొగకు తల్లి లేకుండా చేసినట్టే.

పట్టి, ఫోటో తీసి, వదిలే పద్ధతిలో ప్రతి జట్టుకు ఒకే రకం కొలత బల్ల ఇవ్వండి. ఒక చివర నిలువు చెక్క ఉండాలి. మూతి మూసి ఆ చెక్కకు ఆనించి, తోక సహజంగా ఉన్నప్పటి చివరి దాకా కొలవాలా, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలా అన్నది ముందే రాసిపెట్టండి. పోటీల్లో గొడవలు పుట్టేది ఇక్కడే, ఒకే చేపకు ఈ రెండు పద్ధతుల్లో సెంటీమీటరు పైన తేడా వస్తుంది. ఫోటో నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. తోక వైపు నుంచి ఒరగా తీస్తే గీతలు జరిగినట్టు కనిపిస్తాయి. మొత్తం చేప, మొత్తం బల్ల, ఆ ఉదయమే పంచిన గుర్తు బిళ్ల, మూడూ ఒకే ఫోటోలో ఉండాలి. బిళ్ల ముందురోజు పంచితే పాత చేపల ఫోటోలు వచ్చిపడతాయి. అర సెంటీమీటరు లోపల వచ్చినది కింది అంకెకే లెక్కించండి.

ఒక్క పెద్ద చేపకు బదులు మూడు ఉత్తమ చేపల పొడవుల మొత్తం తీసుకోండి. 55, 42, 38 సెంటీమీటర్లు పట్టిన జట్టుకు 135. అలా అయితే అదృష్టం కంటే నేర్పు గెలుస్తుంది. మొత్తం సమానమైతే ముందుగా మూడో చేప పట్టినవారిది గెలుపు, అందుకే ఫోటోలో సమయం పడేలా ఫోన్లు సరిచేయించండి. మరీ చిన్న చేపలు లెక్కలోకి రాకుండా 30 సెంటీమీటర్ల కనీస పొడవు పెట్టండి. కొలిచేటప్పుడు చచ్చిన చేపకు సున్నా. ఈ ఒక్క నిబంధన ఉంటే చేపను జాగ్రత్తగా పట్టుకోమని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పోటీ వేళను కరపత్రం అచ్చయ్యే తేదీని బట్టి కాక పోటుపాట్లను బట్టి నిర్ణయించండి. నీరు కదిలే వేళను మధ్యలో పెట్టుకుని నాలుగు గంటలు చాలు. ఉదయం 10 దాటితే వేసవిలో మనుషులకూ ప్రమాదమే. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒడ్డున నీడ ఉండాలి. మత్స్యశాఖకు, పోలీసులకు ముందుగా చెప్పండి. అంతకంటే ముందు ఊరి వేటగాళ్ల పెద్దల దగ్గరికి వెళ్లి వాళ్ల వలలు ఏ పూట ఎక్కడ పడతాయో అడిగి, ఆ చోట్లు వదిలేసి హద్దులు గీసుకోండి. ఆ ఏరు మీద మొదటి హక్కు దానిమీద బతికేవాళ్లది.

మీవాళ్లలో ఎవరైనా తర్వాత పెద్ద పోటీలకు వెళ్లాలనుకుంటే 1939లో ఏర్పడిన ఐ.జి.ఎఫ్.ఏ. (గాలపు వేట అంతర్జాతీయ సంఘం) నిబంధనలు ఇప్పటి నుంచే అలవాటు చేయండి. చేప తగిలాక రాడ్‌నూ దారాన్నీ మరొకరు ముట్టుకోకూడదు. సహజమైన ఎరతో మూడు కొక్కేల గాలం వాడకూడదు. 10 కిలోల తరగతి (దారం తెగే బలాన్ని బట్టి చేసే విభజన) వరకు దారంతో ఉప్పునీటిలో లీడరు 4.57 మీటర్లకు మించకూడదు. ఆ తరగతుల్లో చాలామంది తప్పేది ఇంకోచోట: దారాన్ని తడిపి తెంపి చూస్తారు, అట్ట మీద 20 పౌండ్లని రాసి ఉన్న బ్రెయిడు చాలాసార్లు అంతకు మించే ఆగుతుంది. ఎక్కువ బలం ఉంటే ఆ తరగతిలో చెల్లదు. తరగతికి లోబడి తెగుతుందని హామీ ఇచ్చే దారమే కొనుక్కోవాలి.

ప్రశ్న: కొలిచి వదిలిన చేపలు కొన్ని వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్లలో ముందుకూ వెనక్కూ ఊపితే తేరుకుంటాయని విన్నాం. (గోపాల్‌పూర్)

జవాబు: వెనక్కి ఊపకండి. మొప్పల్లోకి నీరు నోటిలోంచే రావాలి, వెనక్కి లాగితే ఎదురు నీరు పోతుంది. తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, ఒక చెయ్యి తోక మొదట, ఇంకో చెయ్యి పొట్ట కింద ఆనించి కదలకుండా పట్టుకోండి. నీరే మొప్పల్లోంచి పోతుంది. తోక విదిలించి తనంతట తాను చేతిలోంచి జారిపోయేదాకా ఆగండి, రెండు నిమిషాలు పట్టినా సరే.

అయితే పొరపాటు అంతకుముందే జరిగి ఉంటుంది. సన్నని దారంతో ఇరవై నిమిషాలు ఆడించిన చేప అలసటకే సగం చచ్చి ఉంటుంది. వేసవి నీటిలో ఊపిరి తక్కువ కాబట్టి తేరుకోలేదు. ఉప్పునీటిలో సన్న దారం గొప్ప కాదు. ముడులున్న నైలాను వల జిగురును గీకేస్తుంది, రబ్బరు పూత వల వాడండి. కొలత బల్ల ఎండలో పెనంలా కాలుతుంది, చేపను పెట్టే ముందు రెండు దోసిళ్ల నీళ్లు పోయండి. పెద్ద చేపను దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే లోపలి అవయవాలు జారి దెబ్బతింటాయి. నీటి బయట అరనిమిషం చాలు, ఫోన్ ముందే సిద్ధం చేసుకుని చేపను నీళ్లలో వలలోనే ఉంచి, బల్ల తడిపి, అప్పుడు పైకి తీయండి. గాలం గొంతులోకి పోతే లాగకండి, దారం దగ్గరగా కోసి వదిలేయండి. మామూలు ఇనుప గాలం తుప్పుపట్టి రాలుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుది రాలదు. వదిలే ఉద్దేశం ఉన్నవాళ్లు స్టెయిన్‌లెస్ కొనకండి.

ప్రశ్న: రుషికుల్య మొగ దగ్గర ఏప్రిల్ రాత్రుళ్లు ఇసుక మీద కూర్చుని గాలం వేయవచ్చా? చల్లగా ఉంటుంది. (ఛత్రపురం)

జవాబు: ఏప్రిల్, మేలలో అక్కడ వద్దండి. ఫిబ్రవరి, మార్చిలో గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టిన ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు 45 నుంచి 55 రోజులకు ఇసుకలోంచి బయటికొస్తాయి. అవి వెలుతురున్న వైపు నడుస్తాయి. మీ తల దీపం, టార్చి, ఫోను వెలుగు చూసి సముద్రానికి పోవలసినవి మీవైపు తిరిగి, తెల్లారేసరికి ఎండకూ కుక్కలకూ బలవుతాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం ఉన్నది ఈ తాబేళ్ల కోసమే. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి అది. మిగతా నెలల్లో వేసినా తెగిన దారం ముక్కలు ఇసుకలో వదలకుండా జేబులో వేసుకుని తెచ్చుకోండి.

ప్రశ్న: జెల్ల ముల్లు గుచ్చుకుంటే సున్నం రాస్తే చాలా? (ఇచ్ఛాపురం)

జవాబు: సున్నం వద్దు, గట్టిగా తాడు కట్టడం అంతకంటే వద్దు. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, మొత్తం మూడు రంపపు ముళ్లు, వాటి పొరలో విషం ఉంటుంది. ఆ విషం వేడికి విరుగుతుంది. గాయాన్ని కడిగి, తట్టుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచండి. వేడిని గుచ్చుకున్న చేత్తో చూడకండి, తిమ్మిరెక్కిన చెయ్యి కాలినా తెలియదు. రెండో చేత్తో చూడండి. పడవలో ఒక ఫ్లాస్కు వేడినీళ్లు ఉంచుకోవడం ఇందుకే. ముల్లు ముక్క లోపల విరిగి ఉండవచ్చు, ధనుర్వాతం ఇంజక్షను కావాలి, కాబట్టి నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లండి. గుచ్చుకున్నది ఛాతీకో పొట్టకో అయితే, ముల్లు బయటికి కనిపిస్తున్నా పీకకుండా వెంటనే వెళ్లాలి. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఉప్పునీటి గాయం ఒక్క రాత్రిలో ముదరగలదు. వాపు, ఎరుపు పైకి పాకుతుంటే తెల్లారేదాకా ఆగకండి.

టేకు చేప (చదునుగా ఉండి, తోకలో ముల్లున్నది) ముల్లుకూ ఇదే చికిత్స. అది ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది. నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా కాళ్లు ఈడుస్తూ నడిస్తే తగలగానే పక్కకు తప్పుకుంటుంది.

ప్రశ్న: కొత్త రీలు మూడు నెలలకే గరగరలాడుతోంది. ఇంటికొచ్చాక కుళాయి కింద బాగా కడుగుతున్నాం. (బరంపురం)

జవాబు: కుళాయి ధారే పాడుచేస్తోంది. వేగంగా పడే నీరు ఉప్పును లోపలి బేరింగుల్లోకి నెడుతుంది. డ్రాగ్ బిగించి, మంచినీటిని సన్నగా చిలకరించి, గుడ్డతో తుడిచి, తర్వాత డ్రాగ్ పూర్తిగా వదులుచేసి నీడన ఆరబెట్టండి. బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు అణగారి, తర్వాతిసారి దారం కుదుపుతో వదులుతుంది, ముడులు తెగడానికి అదొక కారణం. దారం జారే లైను రోలరు మీద ఒక చుక్క నూనె వేయండి. గరగర ఇప్పటికే మొదలైంది కాబట్టి ఈసారికి విప్పించి బేరింగులు మార్పించండి. కొత్త గ్రీజు పూసినంత మాత్రాన తుప్పు ఆగదు.